పొడి రాలిన కవరు: ఇన్‌వార్డు సెక్షన్‌లో నా అనుభవం

టపా కట్టలో ఆ కవరు అంచున సన్నగా తెల్లపొడి కనబడింది. అధికారి పేరు లేదు, హోదా మాత్రమే రాశారు, అదీ తప్పుగా. బరువుకు మించిన స్టాంపులు, మూత మీద వరుసలుగా టేపు, పంపినవారి చిరునామా లేదు. విడివిడిగా చూస్తే ఇవేవీ పెద్ద విషయాలు కావు. ఆకాశరామన్న ఉత్తరాలు మన ఆఫీసులకు కొత్తా? కానీ ఇలాంటివి రెండు మూడు కలిసి, పైగా పొడి కూడా రాలుతుంటే ఇక ఆ కవరు విప్పకూడదు.

ఉన్నచోటే మెల్లగా వదిలేశాం. ఊపలేదు, వాసన చూడలేదు. ఖాళీ చెత్తబుట్టను దాని మీద బోర్లించి, ఫ్యాను, ఏసీ ఆపేశాం. పొడి గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లోకి వెళ్లడమే అసలు ప్రమాదం. అందుకే బల్ల మీద రాలిన దాన్ని చీపురుతో ఊడవకూడదు, గుడ్డతో దులపకూడదు. అందరూ బయటికొచ్చాక తలుపు మూసి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. శానిటైజర్ చాలదు. ఆ పొడిలో ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి పొరతో నిద్రాణంగా ఉండే కణాలు) ఉండొచ్చు. అవి ఆల్కహాల్‌కు చావవు, సబ్బునీళ్లకైతే చర్మం మీంచి కొట్టుకుపోతాయి.

ఎక్కువగా చెడేది ఇక్కడే: సూపరింటెండెంటు గారికి చూపిద్దామని కవరు పట్టుకుని వరండా అంతా నడుస్తారు. లేదా ఫొటో కోసం మళ్లీ దగ్గరికి వెళ్తారు.

విప్పకపోతే భయం లేదనుకోవడమూ పొరపాటే. 2001లో అమెరికాలో ఆంత్రాక్స్ ఉత్తరాల వల్ల 5 మంది చనిపోయారు, మరో 17 మంది జబ్బుపడ్డారు. చనిపోయినవారిలో ఇద్దరు వాషింగ్టన్‌లోని బ్రెంట్‌వుడ్ తపాలా కేంద్రం ఉద్యోగులు. టేపు వేసిన కవర్లే అయినా, సార్టింగ్ యంత్రాల ఒత్తిడికి స్పోర్లు బయటికొచ్చాయి. సెనేటర్లకు వెళ్లిన ఆ ఉత్తరాల మీద లేని బడి పేరుతో చిరునామా కూడా ఉంది. కాబట్టి ఫ్రమ్ అడ్రసు ఉందని ధీమా పడకూడదు.

112కు ఫోన్ చేసి ఏం కనబడింది, ఏ గది, లోపల ఎంతమంది ఉన్నారు అన్నవి చెప్పాలి. పోలీసులు వచ్చేలోపు జాబితా రాసిపెట్టాలి: కవరు ముట్టుకున్నవాళ్లు, గదిలో ఉన్నవాళ్లు, వాళ్ల ఫోన్ నంబర్లు. టపా తెచ్చిన అటెండరును చాలామంది మర్చిపోతారు. అందరికంటే ముందు పట్టుకున్నది ఆయనే. బట్టల మీద పొడి పడితే వాటిని విప్పి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టాలి, సబ్బుతో స్నానం చేయాలి.

పార్సిల్‌లోంచి తీగలు కనబడినా, నూనె మరకలున్నా, టిక్ టిక్ శబ్దం వచ్చినా అది బాంబు కావచ్చు, అప్పుడు పద్ధతి వేరు. దాని మీద ఏమీ కప్పకూడదు, నీళ్లు పోయకూడదు, అసలు ముట్టుకోకూడదు. దగ్గర్లో సెల్‌ఫోన్ గానీ వాకీటాకీ గానీ వాడకుండా అందరినీ దూరంగా పంపి, అక్కణ్నుంచే ఫోన్ చేయాలి.

పొడి ఏమిటో ల్యాబు తేల్చేదాకా భయపడి యాంటీబయాటిక్స్ సొంతంగా మింగకండి. ఆంత్రాక్స్ స్పోర్లు పీల్చినవారికి మందులు 60 రోజులు వాడాల్సి వస్తుంది, ఆ నిర్ణయం డాక్టరుదే.