గుడ్డు కింద పడటానికి 32 ఫొటోలు

మూడు వారాలుగా మా డైనింగ్ టేబుల్ మీద ఒక గ్రహశకలం కూర్చుని ఉంది. టీవీ అట్టపెట్టెలో వచ్చిన థర్మోకోల్‌ని చెక్కి, పైన బూడిదరంగు గుడ్డ కప్పి, గుంతలు కనబడేలా అక్కడక్కడా గిన్నెతో నొక్కి తయారుచేశాం. దాని మీద ఒక ఆవు, ఒక కోడి, ముక్కు కాస్త వంకరగా కుదిరిన ఒక రైతు. అన్నీ క్లేతో చేసినవే, లోపల మాత్రం తీగ. ఇంట్లో ఎవరూ ఆ టేబుల్‌ని తాకకూడదని ఆర్డరు. ఆర్డరు వేసినావిడకి ఎనిమిదేళ్ళు.

దీనికంతటికీ మూలం ఆస్ట్రో ఫార్మ్. 1990లలో బ్రిటన్‌లో చిన్నపిల్లల కోసం తీసిన స్టాప్ మోషన్ సీరియల్ (అంటే బొమ్మని కొంచెం కొంచెం జరుపుతూ ఒక్కో ఫొటో తీసి, అన్నీ వరసగా చూపించి కదిలినట్టు చేయడం), అంతరిక్షంలో వ్యవసాయం చేసేవాళ్ళ కథ. పాత కార్టూన్ల కోసం వెతుకుతుంటే దాని పేరు తగిలింది, "అంతరిక్షంలో పొలమా? మనం కూడా ఒకటి తీద్దాం అమ్మా" అంది మా అమ్మాయి, నేనేమో ఆదివారం మధ్యాహ్నం అయిపోయే పనే కదా అని ఒప్పేసుకున్నాను. అక్కడ దొరికిపోయాను.

ఈ ఆలోచన నాకు ఎందుకంత నచ్చిందా అని తర్వాత చాలాసేపు ఆలోచించాను. పిల్లల కార్యక్రమాల్లో అంతరిక్షం అనగానే యుద్ధాలు, లేజర్లు, గ్రహాంతర విలన్లు. ఆవుకి మేత వేయాలి, మొక్కకి నీళ్ళు పోయాలి, రేపు పొద్దున్న మళ్ళీ అదే పని చేయాలి అనే రకం అంతరిక్షాన్ని ఎవరూ చూపించరు. పైగా దాన్ని కంప్యూటర్‌లో తీస్తే అంతా నున్నగా, మెరుస్తూ వస్తుంది, పొలం అనేది నున్నగా ఉండే వస్తువు కాదు కదా. క్లే బొమ్మ మీద చేసినవాళ్ళ వేలిముద్ర కనబడుతుంది. మా ఆవు పొట్ట మీద అయితే నా బొటనవేలు మొత్తం ఉంది. కెమెరా దగ్గరికి వెళ్తే ఆధార్‌కి సరిపోయేలా ఉంది.

ఇంకోటి, బ్రిటన్‌లో ఈ రకం పనికి మంచి వంశవృక్షమే ఉంది. 1969 నవంబరులో, అంటే మనిషి చంద్రుడి మీద దిగిన నాలుగు నెలలకే, బీబీసీలో క్లాంగర్స్ అనే సీరియల్ మొదలైంది. చంద్రుడిలాంటి ఒక చిన్న గోళంలో బతికే గులాబీరంగు ఊలు జీవులు, మాటల బదులు ఈల లాంటి చప్పుడు చేస్తాయి. ఆలివర్ పోస్ట్‌గేట్, పీటర్ ఫర్మిన్ అనే ఇద్దరు తీశారు, బొమ్మలకు ఊలు అల్లింది ఫర్మిన్ భార్య జోన్. దాన్ని ఎక్కడ తీశారో తెలుసా? కాంటర్‌బరీ దగ్గర ఫర్మిన్‌ల పొలంలో వాడకుండా పడి ఉన్న ఆవుల కొట్టంలో. అంతరిక్షంలో పొలం పెట్టడానికి ముందు వీళ్ళు ఏకంగా పశువుల కొట్టంలోనే అంతరిక్షాన్ని పెట్టేశారన్నమాట. ఈ సంగతి చదివాక మా డైనింగ్ టేబుల్ మీద నాకు కాస్త గౌరవం పెరిగింది.

సరే, పని సంగతికొస్తాను. బ్రిటన్ టీవీలో సెకనుకు 25 ఫ్రేములు, అంటే 25 ఫొటోలు. ఒక్కో భంగిమని రెండేసి ఫ్రేముల పాటు ఉంచినా పది నిమిషాల ఎపిసోడ్‌కి 7,500 సార్లు బొమ్మని ముట్టుకుని, కొంచెం జరిపి, చెయ్యి పక్కకు తీసి, ఫొటో కొట్టాలి. మేము ఫోన్‌లో సెకనుకు 12 ఫొటోలు పెట్టుకున్నాం. మొదటి ఆదివారం మొత్తం కూర్చుంటే ఆవు తల తిప్పి రైతు వైపు చూసింది. అంతే. నాలుగు సెకన్లు. దానిలో కూడా సగం వెలుగు, సగం చీకటి, ఎందుకంటే మేము కిటికీ పక్కన కూర్చున్నాం, మబ్బు వచ్చినప్పుడల్లా ఫోన్ తనంతట తాను వెలుతురు సర్దేసుకుంది. ప్లే చేస్తే గ్రహశకలం మీద ట్యూబ్‌లైట్ స్విచ్ పాడైపోయినట్టు ఉంది. రెండో వారం నుంచి కర్టెన్లు మూసేసి, టేబుల్ ల్యాంపు పెట్టి, ఫోన్ వెలుతురు మార్చకుండా ఎక్స్‌పోజర్ లాక్ చేసి తీస్తున్నాం. ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది, అందుకే మీకు చెప్తున్నాను.

తర్వాతి సీన్ కోడి గుడ్డు పెట్టడం. గుడ్డు గట్టు మీంచి కింద పడాలి, రైతు పట్టుకోవాలి. నేను మామూలుగా ఆరు ఫొటోల్లో కింద పడేద్దాం అనుకున్నాను. అప్పుడు మా అమ్మాయి అడిగింది, "అక్కడ అంత స్పీడ్‌గా పడుతుందా?"

పడదు. నిజంగానే పడదు. అంగారకుడికీ గురుడికీ మధ్య ఉన్న గ్రహశకలాల పట్టీలో అన్నిటికంటే పెద్దదైన సీరీస్‌ని తీసుకున్నా సరే, దాని వ్యాసం సుమారు 940 కిలోమీటర్లు, ఆకర్షణ భూమి మీద ఉన్నదాంట్లో 35వ వంతు. కాగితం మీద లెక్క వేశాను. మీటరు ఎత్తు నుంచి వదిలిన గుడ్డు భూమి మీద అరసెకను లోపే నేలకి తగులుతుంది, అంటే మాకు ఐదారు ఫొటోలు. చంద్రుడి మీద 13. సీరీస్ మీద 32. రెండున్నర సెకన్లకు పైగా గుడ్డు అలా తీరిగ్గా దిగుతూ ఉంటుంది, రైతు ఈలోపు చెప్పులేసుకుని, కోడితో రెండు మాటలు మాట్లాడి వచ్చి పట్టుకోవచ్చు. ఈ లెక్క చెప్పడం నేను చేసిన పెద్ద తప్పు. ఇక 32 తీయాల్సిందే అని కూర్చుంది.

నీళ్ళ దగ్గర మాత్రం కలిసొచ్చింది. స్టాప్ మోషన్ చేసేవాళ్ళకి నీళ్ళంటే భయం. పారే నీటిని ఆపి, కొంచెం జరిపి, మళ్ళీ ఫొటో తీయలేం కదా, అందుకే ప్లాస్టిక్ కాగితం, జెల్, గ్లిసరిన్ చుక్కలు, ఇలాంటి తంటాలన్నీ పడతారు. మేము హెయిర్ జెల్‌తో ఒక గోళీ అంత ముద్ద చేసి, పుల్లతో మొక్క మొదట్లో పెట్టాం. చూడటానికి నీళ్ళలా లేదు, జెల్లీలా ఉంది. తీరా భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో తీసిన వీడియోలు చూస్తే అక్కడ నీళ్ళు అచ్చం అలాగే ఉన్నాయి! బరువు తెలియని చోట నీరు పారదు, ముద్దలా గుండ్రంగా చేరుతుంది, దేనికి తగిలితే దాన్ని పట్టుకుని వేలాడుతుంది. భూమి మీది పొలాన్ని స్టాప్ మోషన్‌లో తీయడం కంటే అంతరిక్షంలో పొలాన్ని తీయడమే తేలిక అని అప్పుడు అర్థమైంది.

అయితే బొమ్మకి తేలికైన ఈ నీళ్ళే నిజం మొక్కకి ప్రాణసంకటం. ఇక్కడ నీళ్ళు పోస్తే కిందికి ఇంకుతాయి, మట్టి రేణువుల మధ్య ఖాళీల్లోకి గాలి వస్తుంది, వేరు ఊపిరి పీల్చుకుంటుంది. అక్కడ నీరు వేరు చుట్టూ దుప్పటిలా చుట్టుకుంటుంది, కాస్త ఎక్కువైతే వేరు ఉక్కిరిబిక్కిరైపోతుంది. వేడిగాలి పైకి, చల్లగాలి కిందికి అనేది కూడా అక్కడ ఉండదు, కాబట్టి ఫ్యాను ఆగితే ఆకు విడిచిన తేమ ఆకు దగ్గరే ఉండిపోతుంది. 2015 చివర్లో అంతరిక్ష కేంద్రంలో పెంచిన జినియా అనే పూల మొక్కలకి ఇదే గతి పట్టింది. తేమ ఎక్కువై ఆకులకు బూజు వచ్చింది. ఫ్యాన్లు జోరు పెంచితే ఈసారి మొక్కలు వాడిపోవడం మొదలెట్టాయి, నీళ్ళు పోయడానికేమో భూమి మీంచి వచ్చిన షెడ్యూలు ప్రకారం ఇంకా టైముంది. స్కాట్ కెల్లీ అనే వ్యోమగామి, మొక్కలకి ఇప్పుడే నీళ్ళు కావాలి, చూసి నేనే పోస్తాను అన్నాడు. నాసా వాళ్ళు కూడా ఒప్పుకుని, ఒకే ఒక్క పేజీ సూచనలు రాసిచ్చి మిగతాది అతనికే వదిలేశారు. 2016 జనవరిలో పూలు పూశాయి. కాగితం చూసి కాకుండా చేను చూసి తడి పెట్టాలని ఏ రైతుని అడిగినా చెప్తాడు, అదే ముక్క భూమికి నాలుగు వందల కిలోమీటర్ల పైన మళ్ళీ కనుక్కున్నారు. నాకైతే పిల్లల సీరియల్‌కి ఇంతకంటే మంచి ఎపిసోడ్ దొరకదనిపిస్తుంది.

ఉంది, ఇంకోటి ఉంది. టమాటా దొంగతనం. ఫ్రాంక్ రూబియో అనే వ్యోమగామి అక్కడ పండిన చిట్టి టమాటాలు కోశాడు, తన వాటాకి వచ్చినవి సంచీలో పెట్టాడు, సంచీ ఎటో తేలిపోయింది. వెతికాడు, దొరకలేదు. తినేసి ఉంటాడులే అని అందరూ ఆటపట్టించారు. పాపం ఆయన 371 రోజులుండి 2023 సెప్టెంబరులో భూమికి వచ్చేశాడు, డిసెంబరులో పైనున్నవాళ్ళకి ఆ టమాటాలు ఎండిపోయి దొరికాయి. నింద తప్పింది. ఇది చెప్పినప్పుడు మా అమ్మాయి పడీపడీ నవ్వి, వెంటనే సీరియస్ అయిపోయి, "ఆయన నిజమే చెప్తున్నాడని ఒక్కళ్ళు కూడా నమ్మలేదా?" అని అడిగింది. బడిలో ఏదో జరిగినట్టుంది. అడిగితే చెప్పలేదు.

ఈ సంగతులన్నీ చదువుతుంటే ఇంకో విషయం తట్టింది. నిజం అంతరిక్ష పొలాలు కూడా బొమ్మల సైజులోనే ఉంటాయి. 2014లో అక్కడ పెట్టిన వెజ్జీ అనే తోట విమానంలో వెంట తీసుకెళ్ళే సూట్‌కేసు అంత, మామూలుగా ఆరు మొక్కలు పడతాయి. 2015 ఆగస్టులో అక్కడి ఎర్ర లెట్యూస్ ఆకులు తిన్నప్పుడు తలో రెండు మూడు కొరుకుళ్ళు వచ్చి ఉంటాయేమో, దానికే ప్రపంచమంతా వార్త. ఫ్లోరిడాలో శాస్త్రవేత్తలు అపోలో యాత్రల్లో తెచ్చిన చంద్రుడి మట్టిలో మొక్కలు పెంచామని 2022లో ప్రకటించారు. వాళ్ళ చేతికొచ్చిన మట్టి మొత్తం కలిపి 12 గ్రాములు. కుట్టుపనికి వేలికి పెట్టుకునే తొడుగంత గుంటల్లో వేసి మొలిపించారు. మొక్కలు వచ్చాయి, కానీ గిడసబారి, ఎర్రబడి, కష్టపడుతూ వచ్చాయి. మన ఇస్రో కూడా 2024 డిసెంబరు 30న పంపిన రాకెట్ చివరి దశలో ఒక పెట్టె పెట్టి 8 అలసంద గింజలు పంపింది, నాలుగు రోజుల్లో మొలకెత్తాయి. ఎనిమిది గింజల చేను! మా థర్మోకోల్ మీదే అంతకంటే ఎక్కువ ఉన్నాయి.

అలసందలు అనగానే మా అమ్మాయికి ఐడియా వచ్చింది, క్లే మొక్కలు ఎందుకు, నిజం మొలకలే పెడదామని. నాకూ బాగానే తోచింది. చిన్న మూతలో దూది పెట్టి, మొలకెత్తిన నాలుగు గింజలు రైతు వెనకాల నిలబెట్టాం. మూడు గంటలు కష్టపడి రైతుని పాక నుంచి ఆవు దాకా నడిపించాం. ప్లే చేశాం. రైతు ముచ్చటగా నడుస్తున్నాడు, వెనక మొలకలు మాత్రం పూనకం వచ్చినట్టు ఊగుతున్నాయి. ఒకటి ల్యాంపు వైపు వంగిపోయింది, ఒకటి తలెత్తింది, ఒకటి ఫ్రేములోంచే బయటికి పోయింది. ఆ మూడు గంటల్లో మా కళ్ళకి అవి కదిలినట్టే లేవు. మేము రైతుని జరుపుతున్నంతసేపూ అవీ వాటి పని అవి చేసుకుంటున్నాయన్నమాట. తర్వాత చదివితే తెలిసింది, అంతరిక్ష కేంద్రంలో కూడా మొక్కకి పైకి ఏదో కిందికి ఏదో తెలిపేది ప్రధానంగా దీపమేనట.

ఆ షాట్ పనికిరాదు, తీసేద్దామన్నాను. ససేమిరా అంది. నిజం మొక్కలు అలాగే ఉంటాయి, ఉండనీ అంది. ఉంచేశాం. ఇప్పుడు చూస్తుంటే సినిమా మొత్తంలో అదే బాగుందనిపిస్తోంది, చెప్పుకోవడానికి కాస్త అవమానంగానే ఉన్నా, ఎందుకంటే మేము ముట్టుకోనిది అదొక్కటే.

మొత్తం ఇప్పటికి 14 సెకన్లు అయింది. నిన్న గుడ్డు సీన్ మొదలెట్టాం. గుడ్డుని సన్నటి నల్ల దారానికి కట్టి, పైన కర్రకి వేలాడదీసి, ప్రతి ఫొటోకి దారం కొంచెం వదులుతున్నాం. మొదట్లో ఒక్కో వెంట్రుకంత, తర్వాత తర్వాత కొంచెం ఎక్కువ, పడేది ఏదైనా రానురాను వేగం పుంజుకుంటుంది కాబట్టి. 19వ ఫొటో దగ్గర ల్యాంపు వేడికి కోడి మెత్తబడి ఒక పక్కకి ఒరిగింది, చూసేసరికి రాత్రి పదిన్నర. ఇంక పడుకోమన్నాను. ఇవాళ పొద్దున లేచి చూస్తే కర్రకి ఒక చీటీ అంటించి ఉంది: గుడ్డు పడుతోంది, ఎవరూ గట్టిగా నడవొద్దు.