బ్రేక్ వేస్తే ఆగిపోయే ఇంజిన్: మా పాత 407 రోగం దొరికిన తీరు

మా బండి 1998 మోడల్ టాటా 407, చిన్న లారీ. కలువాయి, చేజర్ల వైపు తోటల నుంచి పొదలకూరు మార్కెట్‌కు నిమ్మకాయలు తోలడమే దాని పని. పోయిన ఎండాకాలం దానికి కొత్త రోగం పట్టుకుంది. స్పీడ్ బ్రేకర్లు వరసగా వచ్చినచోట బ్రేక్ వేస్తూ పోతే, ఇంజిన్ జర్కులిచ్చి ఆగిపోయేది. ఒక్కోసారి సెల్ఫ్ కొట్టగానే అందుకునేది. ఒక్కోసారి బానెట్ ఎత్తి, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మీది ప్రైమర్ (చేత్తో కొట్టే చిన్న పంపు) కొట్టి, డీజిల్ పైపుల్లో చేరిన గాలి తీస్తేగానీ కదిలేది కాదు.

పాత బండే కదా, ఆగితే మళ్ళీ స్టార్ట్ చేసుకోవచ్చులే అని ఊరుకునే విషయం కాదిది. ఈ బండిలో బ్రేక్ బూస్టర్, అంటే మన కాలి బలానికి తోడయ్యే డబ్బా, వాక్యూమ్ మీద (గాలి లాగేసిన ఖాళీతో) పనిచేస్తుంది. వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనక ఉంటుంది. ఇంజిన్ తిరిగినంతసేపే అదీ తిరుగుతుంది. ఇంజిన్ ఆగాక మిగిలిన వాక్యూమ్‌తో ఒకటి రెండుసార్లు బ్రేక్ బాగానే పడుతుంది, తర్వాత పెడల్ గట్టిపడిపోతుంది. లోడు మీద, దిగుడులో అది జరిగితే మన ప్రాణమే కాదు, ఎదురొచ్చేవాళ్ళదీ పోతుంది. అందుకే రోగం తేలేదాకా లోడు ఎత్తకూడదనుకున్నాను. సీజన్‌లో బండి నిలబెట్టడం ఎంత కష్టమో నిమ్మకాయల బాడుగలు చేసేవాళ్ళకు చెప్పక్కర్లేదు.

పొదలకూరులో చూసిన మెకానిక్ ఐడ్లింగ్ తక్కువగా ఉందని స్లో పెంచాడు. తేడా రాలేదు. డీజిల్ ఫిల్టర్లు మార్చాం. ట్యాంకు డ్రెయిన్ బోల్టు తీసి గ్లాసులో పట్టి చూశాం, నీళ్ళు లేవు. ఇంకొకాయన బూస్టర్ డయాఫ్రం (లోపలి రబ్బరు పొర) చినిగింది, మార్చాల్సిందే అన్నాడు. పెట్రోల్ బండికైతే ఆ మాట సరిపోతుంది. అక్కడ బూస్టర్ ఇంజిన్‌లోకి గాలి పోయే గొట్టం, అంటే మేనిఫోల్డ్ నుంచే వాక్యూమ్ లాగుతుంది కాబట్టి, డయాఫ్రం లీకైతే బ్రేక్ తొక్కగానే ఇంజిన్ తడబడుతుంది. మా బండికి వాక్యూమ్ పంపు విడిగా ఉంది. అక్కడ లీకుంటే బ్రేక్ సరిగా పడదు గానీ ఇంజిన్ ఎందుకు ఆగుతుంది? నా మనసు ఒప్పుకోలేదు. ఖాళీ బండి మెల్లగా తోలుకుంటూ నెల్లూరు ఆటోనగర్‌లో డీజిల్ పంపుల పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి పోయాను.

ఆయన స్పానర్ పట్టుకోకముందే అడగడం మొదలుపెట్టాడు.

"బండి నిలబెట్టి బ్రేక్ తొక్కితే ఆగతాదా అబ్బయ్యా?"

"లేదన్నా. ఎంతసేపు తొక్కి పట్టినా సౌండ్ కూడా మారదు."

"పోతా పోతా ఉత్త క్లచ్ తొక్కితే?"

"అప్పుడూ ఆగదు."

"ఎక్కుడులో?"

ఎక్కుడులో ఎప్పుడూ ఆగలేదు. ఆ మాట చెప్పగానే ఆయన తలూపాడు. ఇంజిన్‌కు డీజిల్ ఎక్కువ కావాల్సింది ఎక్కుడులోనే. ఫిల్టరో పైపో మూసుకుపోయి ఉంటే ముందు అక్కడే పట్టేయాలి. ఆ తర్వాత అడిగిన ప్రశ్న అసలైంది: "ట్యాంకు నిండా ఉన్నప్పుడు ఆగిందా?" గుర్తు చేసుకుంటే, ఫుల్ ట్యాంకు కొట్టించిన రోజుల్లో ఒక్కసారీ ఆగలేదు. డీజిల్ బాగా తగ్గాకే ఈ గోల.

అయితే బ్రేక్‌కీ ఇంజిన్‌కీ సంబంధం లేదు, బ్రేక్ వేసినప్పుడు కదిలే డీజిల్‌తోనే పని అన్నాడు. వట్టి మాట మీద ట్యాంకు దించలేదు. ఐదు లీటర్ల క్యాన్‌లో డీజిల్ పోసి, క్లీనర్ కాళ్ళ దగ్గర కదలకుండా తాడుతో కట్టి, అందులోంచి ఫీడ్ పంపుకు విడిగా పైపు వేశాడు. రిటర్న్ పైపు కూడా క్యాన్‌లోకే మళ్ళించాడు. లేకపోతే వెనక్కి వచ్చే డీజిల్ ట్యాంకులోకి పోయి క్యాన్ తొందరగా ఖాళీ అవుతుంది. బైపాస్ పక్కన ఖాళీ రోడ్డు మీద ఎన్నిసార్లు గట్టిగా బ్రేక్ వేసినా ఇంజిన్ ఆగలేదు. డీజిల్ పంపు, దాని వేగం అదుపుచేసే గవర్నర్, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు అన్నీ బాగున్నట్టే. రోగం ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఉంది.

పైపులు మళ్ళీ మామూలుగా బిగించి, ఫీడ్ పంపుకు ముందు జానెడు తెల్ల ట్యూబు వేశాడు, లోపల పారేది కనపడేలా. ఆయన బండి తోలుతుంటే నేను క్యాబిన్‌లో ఇంజిన్ మీది మూత తీసేసి టార్చి వేసి చూస్తూ కూర్చున్నాను. మామూలుగా పోయేటప్పుడు ట్యూబులో డీజిల్ నిండుగా ఉంది. బ్రేక్ పడిన కొద్ది సేపటికి బుడగలు బారులు తీరి వచ్చాయి. ఒక్క బ్రేక్‌కు ఇంజిన్ తట్టుకుంది. వెంటవెంటనే వేస్తే ఆ గాలంతా పంపులోకి చేరి ఆగిపోయింది. స్పీడ్ బ్రేకర్లు వరసగా ఉన్నచోటే ఎందుకు ఆగుతోందో అప్పుడు అర్థమైంది.

ట్యాంకు దించి, అడుగు నుంచి డీజిల్ లాగే సక్షన్ పైపు ఊడదీస్తే కింది ముక్క లేదు! నాలుగు వేళ్ళ మేర తుప్పు తిని, చివరనుండే జాలీతో (వడపోత వలతో) సహా తెగి ట్యాంకు అడుగున పడి ఉంది. దానికి తోడు లోపల డీజిల్ ఊగకుండా ఉండే అడ్డ రేకు ఒక పక్క వెల్డింగు విడిపోయి వేలాడుతోంది. మా ట్యాంకుకు సక్షన్ పైపు వెనక చివర ఉంటుంది. బ్రేక్ వేస్తే డీజిలంతా ముందుకు పోయి, పొట్టిదైపోయిన పైపు గాలి లాగుతోంది. ఎక్కుడులో డీజిల్ వెనక్కే చేరుతుంది కాబట్టి ఇబ్బంది రాలేదు.

ట్యాంకు వెల్డింగు ఎవరితో పడితే వాళ్ళతో చేయించకండి. డీజిల్ ఖాళీ చేసినా లోపల ఆవిరి మిగిలి ఉంటుంది, మంట తగిలితే పేలుతుంది. మాకు చేసినాయన సోడాతో కడిగి, వెల్డింగు చేసే చోటు మాత్రం వదిలి మిగతాదంతా నీళ్ళతో నింపాకే పని మొదలుపెట్టాడు. ఆ తర్వాత ట్యాంకు రెండు రోజులు ఎండలో ఆరబెట్టాం. కొత్త సక్షన్ పైపు, కొత్త జాలీ, పైపులు బిగించే బాంజో బోల్టులకు (డీజిల్ పారే రంధ్రమున్న బోల్టులు) కొత్త రాగి వాషర్లు వేశాం.

కావాలనే పావు ట్యాంకు డీజిల్‌తో పొదలకూరు రోడ్డెక్కాను. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా గట్టిగా బ్రేక్ వేశాను. ఇంటికొచ్చి చూస్తే ట్యూబులో ఒక్క బుడగ లేదు. ఆ తెల్ల ట్యూబు డీజిల్‌కు గట్టిపడి పగులుతుంది కాబట్టి మర్నాడే తీసేసి అసలు రబ్బరు పైపు బిగించి, సాయంత్రం చేజర్లకు లోడుకు పోయాను.