పొందూరు పైట ఇంకా నిలబడలేదు

శుక్రవారం రాత్రి పదకొండున్నరకి పైట మాయమైపోయింది. సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ త్రీడీ లోకంలో నా అవతార్‌కి, అంటే అక్కడ నా తరఫున తిరిగే బొమ్మకి, పొందూరు ఖద్దరు చీర కట్టి, ముందుకి నడిపించి, వెనక నుంచి చూస్తున్నాను. ఆరు మీటర్ల దూరం వెళ్ళేసరికి భుజం మీద గుడ్డంతా గాలిలో కలిసిపోయింది. ఎర్ర అంచులు రెండూ మాత్రం అలాగే తేలుతూ నడిచాయి. దగ్గరికి వస్తే గుడ్డ మళ్ళీ ప్రత్యక్షం. ప్రయోగాల కోసం విడిగా ఉన్న టెస్ట్ గ్రిడ్ అదితిలో ఉన్నాను కాబట్టి చుట్టూ ఎవరూ లేరు, డబ్బూ పోలేదు. అందరూ తిరిగే అసలు గ్రిడ్ పేరు అగ్ని, టెస్ట్ గ్రిడ్ పేరు అదితి. ఈ పేర్లు ఎవరు పెట్టారో గానీ నాకు భలే ఇష్టం. అగ్నిలో అయితే ఒక్కో టెక్స్‌చర్ (బట్ట మీద పరిచే బొమ్మ) ఎక్కించడానికి 10 లిండెన్ డాలర్లు, అంటే అక్కడి డబ్బు. ఈ మూడు వారాల్లో నేను ఎక్కించినవి 41.

ముందు కుదిరినవి చెప్పేస్తాను. జాకెట్టు బేక్స్ ఆన్ మెష్ పొరగా, అంటే ఒంటి రంగు మీదే అచ్చయ్యే పొరగా వేశాను, మొదటిసారికే అతుక్కుపోయింది. కుచ్చిళ్ళు కూర్చున్నప్పుడు చిరిగిపోయేవి. వెయిట్లు (గుడ్డలో ఏ భాగం ఒంట్లో దేనితో కదలాలో చెప్పే అంకెలు) రెండు తొడలకీ సమంగా పంచాక ఆ బాధ తీరింది. కొప్పు, ముక్కుపుడక అయిపోయాయి. ఒంటి రంగు మాత్రం క్రీటా అనే బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్‌లో నేనే వేసుకున్నాను. అమ్మకానికి ఉన్నవాటిలో నేను చూసిన స్కిన్‌లలో ఎండలో కమిలిన తెల్లరంగు ఉంది, బాగా నలుపు ఉంది, మన చామనఛాయ లేదు. పసుపు ఛాయ కొంచెం పెంచి, మోచేతుల దగ్గర, మెడ వెనక కాస్త ముదురు చేస్తే మన ఊరి మనిషి వచ్చింది. ఆ రోజు ఎంత సంతోషమేసిందో!

ఇక మిగిలింది పలచన ఒక్కటే.

రెడీమేడ్‌గా దొరికే చీరలు చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం మెరుపు, జరీ, రాళ్ళు. గుడ్డ గుడ్డలా ఉండదు, ప్లాస్టిక్ షీటులా ఉంటుంది. నాకు కావలసింది అమ్మమ్మ పెట్టెలో ఉన్న చీర. తెలుపు, ఎర్ర అంచు, లోపల చెయ్యి పెడితే గీతలతో సహా కనపడేంత పలచన. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఏకి, ఏకుల్ని అరటి దొప్పలో దాచుకుని, రాట్నం మీద వడికిన 100 కౌంటు నూలు. 100 కౌంటు అంటే ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు వంద. మొత్తం 84,000 గజాలు, సుమారు 77 కిలోమీటర్లు. ఆ పౌను నూలు విప్పుకుంటూ శ్రీకాకుళంలో బయల్దేరితే విజయనగరం చేరాక కూడా దారం మిగులుతుంది.

ఈ లెక్క ఎందుకంటే, నా గొడవంతా ఇందులోనే ఉంది. అంత సన్నని పోగు మందం సుమారు 0.09 మిల్లీమీటర్లు. అమ్మమ్మ చీర పన్నా కొలిస్తే 115 సెంటీమీటర్లు వచ్చింది. దాన్ని 1024 పిక్సెల్ టెక్స్‌చర్ మీద పరిస్తే ఒక్కో పిక్సెల్ 1.12 మిల్లీమీటర్లు. అంటే ఒక్క పిక్సెల్‌లో పన్నెండు పోగులు పక్కపక్కన పడుకుంటాయి. ఉన్న నేతను ఉన్నట్టు చూపించడం అయ్యే పని కాదు. చూసేవాళ్ళ కంటికి ఆ పలచన తోచేలా చేయాలి, అంతే.

అందరూ చేసేది ఆల్ఫా బ్లెండింగ్, అంటే గుడ్డ రంగుని వెనకున్న రంగుతో కలిపి సగం కనపడేలా చేయడం. మొదటి వారం నేనూ అదే చేశాను. 70 శాతం చిక్కదనం పెట్టి నిలబెడితే ఫోటోకి బ్రహ్మాండంగా ఉంది. కెమెరా తిప్పగానే మొదలైంది. కొప్పు కూడా బ్లెండింగే కాబట్టి పైట ఒకసారి కొప్పు ముందుకి వస్తుంది, ఒకసారి వెనక్కి పోతుంది. కుచ్చిళ్ళ దగ్గర ఇంకా ఘోరం. అవన్నీ ఒకే ఫేస్‌లో (ఒకే మెటీరియల్ వేసిన భాగంలో) ఉన్నాయి కదా, త్రికోణాలు ఫైల్‌లో ఉన్న వరసలోనే గీయబడతాయి. దాంతో వెనక మడత ముందు మడత మీదకి ఎక్కి కూర్చుంది. త్రీడీ ఆకారాలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో వరస మార్చి చూశాను. ముందు నుంచి సరిపోయింది, వెనక నుంచి చూస్తే తలకిందులు. నా మటుకు నాకు, మడతలున్న బట్టకి బ్లెండింగ్ పనికిరాదు. ఫోటోల వరకే అది.

కాబట్టి మాస్కింగ్. పిక్సెల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు, ముందూ వెనకా తగువు రాదు. పలచన కోసం నేతనే జల్లెడలా గీస్తే సరి అనుకున్నాను. నాలుగు పిక్సెళ్ళకొక పోగు, పోగు వెడల్పు ఒక పిక్సెల్, నిలువుకీ అడ్డానికీ. 1024 మీద గీసి, ఇంకా ఎక్కించకుండా లోకల్ టెక్స్‌చర్‌గా పెట్టి చూశాను. నా కళ్ళని నేనే నమ్మలేదు! రెండు మడతలు పడినచోట నిజం చీరలాగే చిక్కబడింది, ఒంటిపొర ఉన్నచోట చర్మం కనబడింది. బ్లెండింగ్‌లో ఎంత ఏడ్చినా రానిది ఇక్కడ దానంతటదే వచ్చింది.

ఎక్కించాక చూస్తే చిమ్మెటలు కొట్టేసిన గుడ్డ. అక్కడక్కడా ముద్దలు, అక్కడక్కడా బొక్కలు. నాలుగుసార్లు ఎక్కించినా అంతే. దాన్ని సేవ్ చేసి మళ్ళీ దించుకుని గింప్ అనే ఇంకో బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఆల్ఫా చానెల్ (ఏ పిక్సెల్ ఎంత కనపడాలో చెప్పే భాగం; 0 అంటే ఖాళీ, 255 అంటే పూర్తి గుడ్డ) విడిగా తెరిచాను. నేను పంపినవి 0, 255 రెండే విలువలు. వచ్చినవాటిలో 60 నుంచి 190 దాకా అన్నీ ఉన్నాయి. ఎక్కించేటప్పుడు బొమ్మ జేపెగ్ 2000గా కుదించబడుతుంది. ఒక్క పిక్సెల్ గీతలు అందులో నలిగిపోతాయి. లోకల్ టెక్స్‌చర్ డిస్క్ మీద నుంచి నేరుగా వస్తుంది కాబట్టి ఆ నలుగుడు కనపడదు. ఇది నాకు తట్టడానికి నాలుగు రోజులు పట్టింది. లోకల్‌లో బాగుందని సంబరపడకండి, ఒకసారి ఎక్కించి చూసుకున్నాకే మిగతా పని పెట్టుకోండి.

దీనికి మందు దొరికింది. 128 × 128 లేదా అంతకంటే చిన్న బొమ్మకి కుదింపులో నష్టం లేకుండా ఎక్కించే టిక్కు ఉంటుంది. నేతను 128 పిక్సెళ్ళ పలకగా గీసి, చీర మీద పన్నాకి 29 సార్లు తిప్పాను. ఒక్కో పలక 4 సెంటీమీటర్లు, పిక్సెల్ 0.31 మిల్లీమీటర్లు. నేత కూడా సన్నబడింది. పలకల అతుకులు చూసుకోవడానికి క్రీటాలో డబ్ల్యూ నొక్కితే నాలుగు వైపులా తిప్పి చూపిస్తుంది. ఇలాంటి పనికి గింప్ కన్నా క్రీటాయే సుఖం. అంచుకి మాత్రం వేరే మెటీరియల్ ఇవ్వాల్సి వచ్చింది. ఒక్కో మెష్‌కి (త్రికోణాలతో కట్టిన ఆకారానికి) ఎనిమిది దాకా ఇవ్వొచ్చు, నాకు మూడు చాలు.

ఇదిగో, శుక్రవారం రాత్రి మాయమైంది ఈ పలకే.

కారణం కాగితం మీద లెక్క వేస్తే గానీ తెలియలేదు. దూరం పెరిగేకొద్దీ టెక్స్‌చర్‌కి చిన్న చిన్న నకళ్ళు వాడతారు కదా, వాటిలో పక్క పిక్సెళ్ళ సగటు పడుతుంది. నా గడి 4 × 4, అంటే 16 పిక్సెళ్ళు. అందులో పోగు ఉన్నవి 7. మొదటి నకలులో పోగులు కలిసే చోట ఆల్ఫా 191, ఒంటి పోగు దగ్గర 127, ఖాళీ దగ్గర 0. రెండో నకలులో గడి మొత్తం ఒకటే పిక్సెల్, దాని విలువ 255లో 7/16 వంతు, అంటే 112.

కటాఫ్ (ఆల్ఫా ఇంతకి తగ్గితే పిక్సెల్ కనపడదనే హద్దు) 128 పెడితే: దగ్గర నేత, కొంచెం దూరంలో పోగులు తెగి చుక్కలు మిగులుతాయి (127 ఒక్క అంకె తేడాతో ఓడిపోతుంది), ఇంకొంచెం దూరంలో అంతా ఖాళీ.

120 పెడితే: దగ్గర నేత, కొంచెం దూరంలో ఉన్నట్టుండి చిక్కబడుతుంది, ఆ తర్వాత మాయం. శుక్రవారం నేను చూసింది ఇదే.

100 పెడితే: మాయం కాదు. దూరంలో గట్టి గుడ్డ అవుతుంది. కానీ దగ్గర పోగులు లావెక్కి బొక్కలు మూసుకుపోతాయి. పైగా నడుస్తుంటే గుడ్డ మీద నీళ్ళలో అలల్లా వంకర చారలు పాకుతాయి. చూస్తే కళ్ళు తిరిగాయి.

శనివారం పొద్దున్న వసారాలో ల్యాప్‌టాప్ పెట్టుకుని అదే చూస్తూ కూర్చున్నాను. అమ్మమ్మ వచ్చి పక్కన చతికిలబడింది.

"ఏటి గుంటా, రాత్రీ పగలూ ఆ బొమ్మ ముందరే ఉంతన్నావు?"

"చీర కుదరడం లేదమ్మమ్మా. నీ పొందూరు చీరలా రావాలి."

కళ్ళజోడు సవరించుకుని తెరకి దగ్గరగా వంగింది. "ఇది పొందూరు గుడ్డేటి? దోమతెర! సేత్తో వడికిన నూలు ఇలాగ గీత గీసినట్టు ఉంటాదేటి? ఒకటి సన్నం ఉంటాది, ఒకటి లావుంటాది. తడిమి సూడు."

చీర తెచ్చి కిటికీకి అడ్డంగా పట్టుకున్నాం. ఎండ పడగానే తెలిసింది. దగ్గరగా చూస్తే ప్రతి పోగూ వేరు. ఒకచోట రెండు పోగులు దగ్గరికి జరిగి ఉన్నాయి, పక్కనే చిన్న సందు. ఇంకోచోట పోగు బియ్యపు గింజంత పొడవున ఉబ్బి మళ్ళీ సన్నబడింది. వడికేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగితే అలా ఉబ్బుతుందట. చిన్నప్పుడు ఆవిడ కూడా వడికింది. ఇన్నేళ్ళూ ఈ చీర తాకుతూనే ఉన్నాను, ఎండకి ఎత్తిపట్టి ఎప్పుడూ చూడలేదు.

వెంటనే పలక మళ్ళీ గీశాను. ఒక్కో వైపు 32 పోగులుంటే అందులో 10 పోగులు రెండు పిక్సెళ్ళ వెడల్పు, మిగతా 22 ఒకటి. వరస లేకుండా చెదరగొట్టాను. ఇప్పుడు గుడ్డ నిండిన భాగం 55 శాతం, సగటు ఆల్ఫా 140. దోమతెర పోయింది, పాకే చారలు దాదాపు పోయాయి. క్రమం తగ్గితే అలలు పుట్టడమూ తగ్గుతుంది కదా. కటాఫ్ 120 దగ్గర మాత్రం ఆరు మీటర్ల దూరంలో మచ్చలు మచ్చలుగా చిల్లులు పడ్డాయి. రెండు వైపులా సన్న పోగులే ఉన్న గడులు ఇంకా 112 దగ్గరే ఉన్నాయి, అవి గడుల్లో దాదాపు సగం. కటాఫ్ 110కి దించాను. 112 దాటేసింది. చిల్లులు పూడాయి!

అమ్మమ్మకి చూపిస్తే, "ఇప్పుడు కొంచిం గుడ్డలాగుంది" అంది. ఆ కొంచెం చాలు నాకు.

అయినా నిలబడలేదు అని ఎందుకు అంటున్నానంటే, ఐదారు మీటర్ల మధ్య ఒక గీత కనపడుతోంది. దానికి ఇవతల జల్లెడ, అవతల గట్టి గుడ్డ. అవతార్ నడుస్తుంటే ఆ గీత పైట కొస నుంచి భుజం మీదకి పాకుతుంది. నిలబడి ఉంటే ఎవరికీ తెలియదు, నడిస్తే నాకు తెలుస్తోంది. నా అనుమానం, చిక్కదనం కన్నా రంగులో తేడా ఎక్కువ పని చేస్తోందని. దగ్గర్లో బొక్కల్లోంచి జాకెట్టు ఎరుపు, ఒంటి ఛాయ కలిసి గుడ్డ కొంచెం గులాబీగా కనపడుతుంది; దూరంలో ఒక్కసారిగా తెల్లగా అయిపోతుంది. ఆ గులాబీ ఛాయని గుడ్డలోనే ఒక చిటికెడు కలిపేస్తే గీత మసకబడొచ్చు. జాకెట్టు మీద పడే భాగానికి ఎరుపు, నడుము దగ్గర చామనఛాయ. పలక తిరుగుతుంది కాబట్టి పలకలో వేయలేను, పైటని రెండు ఫేస్‌లుగా కోసి ఒక్కోదానికి రంగు ఇవ్వాలి. ఎనిమిది మెటీరియల్స్‌లో ఇంకా ఐదు మిగిలే ఉన్నాయి.

అది కూడా కుదరకపోతే వేలాడే కొస మాత్రమే బ్లెండింగ్ చేసి, మిగతాదంతా మాస్క్‌లో ఉంచేస్తాను. కొస కొప్పుకి దూరంగా ఉంటుంది, తగువు తక్కువ. కానీ అది ఆఖరి మార్గం, మనసొప్పడం లేదు.

రథసప్తమికి ఈ చీర కట్టించి అవతార్‌ని ఉదయపు ఎండలో నిలబెట్టాలని ఉంది. అరసవల్లిలో ఆ రోజు ఎలాగూ జనం కిటకిటలాడతారు. గుడికి వెళ్ళొచ్చి, వ్యూయర్‌లో (సెకండ్ లైఫ్ చూపించే సాఫ్ట్‌వేర్‌లో) సూర్యుణ్ణి తూర్పున కిందికి దించి, వెలుగు పైట వెనక నుంచి వచ్చేలా ఫోటో తీస్తాను. ఆ తర్వాతది తప్పెటగుళ్ళ వేషం. రొమ్ము మీద తప్పెట, కాళ్ళకి గజ్జెలు, గుండ్రంగా తిరిగే అడుగులు. బట్టలు తేలికే. గజ్జెలు మాత్రం ఒక్కో మువ్వ మెష్‌గా చేస్తే త్రికోణాలు కొండెక్కుతాయి. మువ్వకి 12 త్రికోణాలతో సరిపెట్టి, కాలికి 60 మువ్వలు అనుకుంటే రెండు కాళ్ళకీ 1,440. అది భరించొచ్చు. వచ్చే శనివారం మా వీధి చివర తప్పెటగుళ్ళు ఉన్నాయట, టేపు పట్టుకుని వెళ్ళి గజ్జెల పట్టీ వెడల్పు కొలుచుకుని వస్తాను.