అనంతపురంలో మా పెరటికి మొక్కలను ఎంచుకున్న తీరు: నా అనుభవం

అనంతపురంలో ఇల్లు కట్టుకుని వెనుక నాలుగు మొక్కలు పెట్టుకోవాలనుకునేవారు సాధారణంగా నర్సరీకి వెళ్లి, అక్కడ కంటికి నచ్చినవి తెచ్చుకుంటారు. మా ఇంట్లో మాత్రం ఒక్క మొక్క కూడా కొనకముందే, ఏవి నాటాలో, ఏవి వద్దో తేల్చుకోవాలని అనుకున్నాం. ఐదు సెంట్ల స్థలంలో ఇల్లు పోగా, వెనుక వైపునా పడమటి వైపునా కలిపి దాదాపు ఏడు వందల చదరపు అడుగుల నేల మిగిలింది. మావారికి మామిడి కావాలి, పిల్లలకు జామ కావాలి, మా అత్తగారికి నిమ్మ, కరివేపాకు, కొబ్బరి కావాలి, నాకు మల్లె కావాలి. ఇవన్నీ నాటాలంటే ఆ నేల చాలదు కాబట్టి, దేన్ని ఉంచి దేన్ని వదులుకోవాలన్నదే మా ముందున్న అసలు పని.

కళ్యాణదుర్గం వైపు పల్లెలో పుట్టి, వాన మీద ఆధారపడిన సేద్యం చూస్తూ పెరిగిన మా అత్తగారు మొదటే ఒక మాట అన్నారు: "నీళ్లు లేని కాలంలో బతికేది ఏదో ముందు చూసుకోమ్మా, నీళ్లుండేటప్పుడు ఏదైనా బతుకుతాది." ఆ తర్వాత మేం తీసుకున్న ప్రతి నిర్ణయానికీ ఈ మాటే ఆధారమైంది. అనంతపురంలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే చాలావరకు కురిసి వస్తాయి, ఈశాన్య వానలు ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి. పడే ఆ కాస్త వానలో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పడుతుంది, సంక్రాంతి దాటిన తర్వాత వేసవి జల్లుల దాకా నేల తడిసే వాన అరుదు. కాబట్టి ఈ ఊళ్లో ఒక మొక్క గురించి అడగవలసిన మొదటి ప్రశ్న, అది ఏప్రిల్, మే నెలలను ఎన్ని నీళ్లతో దాటగలదు అన్నదే.

అందుకే ముందుగా నీటి లెక్క వేశాం. మా డాబా వెయ్యి చదరపు అడుగులు ఉంటుంది, దాని మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 93 లీటర్లు దిగుతాయి, ఏడాది మొత్తానికి యాభై వేల లీటర్లు అవుతాయి. వినడానికి ఇది చాలా ఎక్కువగానే ఉంటుంది గానీ, ఆ వాన చాలావరకు కొన్ని నెలల్లోనే పడిపోతుంది, మా సంపులో పట్టేది అందులో చిన్న భాగమే. అందువల్ల పొర్లిపోయే నీటిని ఇంకుడు గుంతకు మళ్లించాం, దాన్ని వేసవి లెక్కలో కలపలేదు. వేసవిలో కుళాయి నీళ్లలో ఇంటి వాడకం పోగా మిగిలేవి, బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు, బోరు నుంచి అప్పుడప్పుడు వచ్చేవి అన్నీ కలిపినా రోజుకు ఐదారు బిందెలకు మించవు. మరోవైపు, మే నెల ఎండకు వంద చదరపు అడుగుల కూరగాయల మడి నుంచి రోజుకు ఆరు మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందనుకున్నా, అది ఒక్కటే యాభై లీటర్లకు పైగా తాగుతుంది. అంటే వేసవిలో ఒక చిన్న మడి వేసుకుంటే చెట్లకు మిగిలేది రెండు బిందెలే. ఈ లెక్క కాగితం మీద చూసుకున్నాక, వేసవిలో కూరగాయలు వేయకూడదని, ఉన్న నీళ్లు చెట్లకే ఇవ్వాలని ఇంట్లో అందరం ఒప్పుకున్నాం. పెరిగిన కొబ్బరి చెట్టుకు వేసవిలో ఒక్కదానికే రోజుకు నలభై యాభై లీటర్లు కావాలి గనుక, కొబ్బరి ఆశను మా అత్తగారే వదులుకున్నారు.

నీళ్లు ఎన్ని ఉన్నాయన్నది ఒకటి, ఎలాంటివన్నది మరొకటి. మా బోరు నీళ్లు పోసిన చోట నేల ఆరగానే తెల్లని పొర కడుతుంది. నీటిని, మట్టిని భూసార పరీక్షకు ఇచ్చాం. మట్టి నమూనా కోసం పెరట్లో వేర్వేరు చోట్ల జానెడు లోతున 'వి' ఆకారంలో గుంట తవ్వి, పక్క నుంచి పలుచగా చెక్కిన మట్టిని కలిపి, నీడలో ఆరబెట్టి, అందులోంచి అరకిలో పంపాం. నీటిలో లవణాల మోతాదును తెలిపే ఈసీ 1.9 అని వచ్చింది. అది 0.7 లోపు ఉంటే ఏ మొక్కకూ ఇబ్బంది ఉండదు, 3 దాటితే చాలా మొక్కలు తట్టుకోలేవు. మట్టి ఉదజని సూచిక 8.1, అంటే కొంచెం క్షార గుణం ఉన్నట్టు. అలాంటి నేలలో ఇనుము ఉన్నా మొక్కకు సరిగా అందదు, లేత ఆకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. మంచినీళ్ల ఆర్వో యంత్రం నుంచి వృథాగా పోయే నీళ్లను మొక్కలకు పోయడం చాలా ఇళ్లలో చూస్తుంటాను. అందులో లవణాలు అసలు నీటిలో కంటే ఇంకా ఎక్కువ ఉంటాయి కాబట్టి మేము వాటిని బండలు కడగడానికే ఉంచుకున్నాం.

పడమటి వైపు ఒక గుంత తవ్వి చూసుకోవడం చాలా మేలు చేసింది. పైన అడుగున్నర దాకా ఎర్రమట్టి, అందులో ఇల్లు కట్టినప్పుడు పూడ్చిన సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, తెల్లని సున్నపు గడ్డలు, ఆ కింద గడ్డపార దిగని గరుసు. గుంత నిండా నీళ్లు పోసి వదిలితే తెల్లవారేసరికి ఇంకిపోయాయి. వేర్లు కుళ్లే భయం లేదని, మట్టిని మాత్రం ఎరువు కలిపి బాగు చేసుకోవాలని అర్థమైంది. సిమెంటు, సున్నపు ముక్కలు మట్టిలోని క్షారాన్ని మరింత పెంచుతాయి కాబట్టి, జల్లెడ పట్టి వాటిని ఏరి పారేశాం.

ఇక చెట్ల విషయం. అంటు మామిడికి కూడా తోటల్లో పది మీటర్ల ఎడం ఇస్తారు, మా పెరటికి అది సరిపడదని మావారు ఒప్పుకోవడానికి కాస్త సమయం పట్టింది. ఈ జిల్లాకు పేరు తెచ్చిన పంటల్లో దానిమ్మ ఒకటి, పైగా ఉప్పునీటిని కూడా కొంత తట్టుకుంటుంది. అయితే బ్యాక్టీరియా మచ్చ తెగులు వచ్చిందంటే మళ్లీ మళ్లీ మందు కొట్టాలి, పిల్లలు తిరిగే పెరట్లో ఆ పని మాకు ఇష్టం లేదు. ఉసిరి ఈ నేలకు చక్కగా సరిపోతుంది. వేసవి మొదట్లో పూసి, పిందె కట్టి, వానలు పడేదాకా ఆ పిందె పెరగకుండా అలాగే నిద్రపోతుంది. కానీ కాపు బాగుండాలంటే రెండు వేర్వేరు రకాల చెట్లు దగ్గర్లో ఉండాలి, మాకు రెండింటికి చోటు లేదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది సీతాఫలం. ఎండలు ముదిరే వేళకు అది ఆకు రాల్చేస్తుంది కాబట్టి, మా దగ్గర నీళ్లు తక్కువగా ఉన్నప్పుడే దాని అవసరం కూడా తగ్గుతుంది. తొలకరికి చిగురు, పూత, పిందె, వానలు పడేకొద్దీ కాయ, దసరా దాకా పండ్లు. ఈ ఊరి వానకు తగినట్టే దాని కాలచక్రం ఉంది. గరుసు నేల అన్నా దానికి అభ్యంతరం లేదు. సాయంత్రపు ఎండ నేరుగా పడే పడమటి గోడ దగ్గర దాన్నే నాటాలని తేల్చాం. పిల్లల కోసం ఒక జామ ఉంచాం, ఉప్పును ఒక మోస్తరుగా తట్టుకుంటుంది, ఏటా కొమ్మలు కత్తిరిస్తే గుబురుగా మన ఎత్తులోనే ఉంటుంది. మునగలో పీకేఎం-1 రకాన్ని విత్తనంతోనే వేసుకోవచ్చు, ఆరు నుంచి ఎనిమిది నెలల్లో కాపుకొస్తుంది. దాని కొమ్మలు పెళుసు, ఆషాఢ మాసంలో పడమటి నుంచి వీచే గాలికి విరుగుతాయి కాబట్టి ఇంటి చాటున తూర్పు మూలలో చోటిచ్చాం. అదే గాలికి అరటి ఆకు చీలికలైపోతుందని అరటిని పూర్తిగా మానుకున్నాం.

నిమ్మ గురించి ఎక్కువ ఆలోచించాం. నిమ్మజాతి మొక్కలకు ఉప్పునీరు పడదు, వేరు దగ్గర నీరు నిలిచినా పడదు. కానీ మా అత్తగారి మనసంతా నిమ్మ మీదే ఉంది, ఊరగాయకైనా, ఎండ దెబ్బకు మజ్జిగలో పిండుకోవడానికైనా ఇంట్లో చెట్టు ఉండాలని ఆమె కోరిక. చివరకు వంటింటి వెనుక, బియ్యం కడిగిన నీళ్లూ కుళాయి నీళ్లూ మాత్రమే పోయగలిగే చోట దానికి స్థలం కేటాయించి, బోరు పైపు అటువైపు పోకుండా చూసుకున్నాం. పక్కనే కరివేపాకు పెట్టాం. లేత ఆకు పసుపు తిరుగుతోందా అన్నది నేను ఇప్పటికీ ఆ రెండింటిలోనే ముందుగా చూస్తాను.

మల్లెకు మాత్రం ఈ లెక్కలు పనికిరావు. అది పూసేదే వేసవిలో, నీళ్లు కావలసిందీ అప్పుడే. అయినా సాయంత్రం విచ్చే ఆ మొగ్గల కోసం రోజుకు అర బిందె ఇవ్వడానికి నేను సిద్ధపడ్డాను, ఇంట్లో ఎవరూ కాదనలేదు. జనవరి వచ్చేలోపు కొన్నాళ్లు నీళ్లు ఆపి, కొమ్మలు కత్తిరించి, ఆ తర్వాత తడి ఇస్తే మార్చి నుంచి పూత బాగుంటుంది.

కూరగాయల్లో బజారులో చౌకగా, తాజాగా దొరికేవాటికి మడి కేటాయించలేదు. కక్కలపల్లి టమాటా మార్కెట్టు పక్కనే ఉన్నప్పుడు టమాటా కోసం నీళ్లు ఖర్చు చేయడం నాకు సబబుగా తోచలేదు. మృగశిర కార్తెలో తడి అందగానే మటిక్కాయ (గోరుచిక్కుడు), బెండ, అలసంద, గోంగూర వేస్తాం. మటిక్కాయకు వాన వెనక్కి పోయినా భయం లేదు. చిక్కుడు జాతి తీగ అయిన అనపను ఆరుద్ర కార్తె దాటాక కంచె పక్కన వేస్తాం, పగటి పొద్దు తగ్గితేనే అది పూతకు వస్తుంది కాబట్టి ముందే వేసినా తీగ పెరుగుతుందే తప్ప కాయ రాదు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అనపగింజల కూర సంగటిలోకి ఉంటుంది. దసరా తర్వాత మెంతి, చుక్కకూర, పాలకూర చల్లుతాం. వీటిలో పాలకూర ఉప్పును బాగా తట్టుకుంటుంది, అందుకే బోరు నీళ్లు దానికే పోతాయి.

మొక్కలు కొనేటప్పుడు, వ్యాన్లలో వీధుల్లోకి వచ్చే వాటిని కాకుండా, తల్లి చెట్టు చూపించగలిగిన చోటే కొన్నాం. జామ అంటును తీసుకునేటప్పుడు కవరులో వేర్లు చుట్టలు చుట్టుకుని ఉన్నాయేమోనని ఒకటి విప్పించి చూశాం. పశువుల ఎరువు, వేపపిండి, జల్లెడ పట్టిన పైమట్టి కలిపి రెండడుగుల గుంతలు నింపి, రెండు మంచి వానలు పడ్డాక నాటాం.

ఇప్పుడు ఏప్రిల్ వచ్చేసరికి మడులన్నీ ఖాళీ చేసి, ఒక్కసారి తవ్వి, మట్టిని ఎండకు వదిలేస్తున్నాం. ఆ ఎండకు వేర్లను పట్టే నులిపురుగులు, కలుపు గింజలు కొంతవరకు నశిస్తాయి. వేరుశనగ పొట్టును చెట్ల మొదళ్లలో నాలుగు వేళ్ల మందాన పరిచి, ఆ ఐదారు బిందెల నీళ్లను నిమ్మకు, జామకు, కరివేపాకుకు, మునగకు, మల్లెకు పంచుతున్నాం. సీతాఫలానికి వారానికి ఒక బిందె సరిపోతోంది.