షుగర్ బిళ్ళ ఇచ్చే ముందు గిన్నె చూడండి

మా వైపు నర్సింగ్ చదువుతున్న పిల్లలు ఈ మధ్య తెగ మెసేజ్‌లు పెడుతున్నారు, అక్కా యూకే రావాలంటే ఏం చెయ్యాలి, ఓఈటీ అనే ఇంగ్లీష్ పరీక్ష కష్టమా, ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష ఎలా ఉంటది అని. అవన్నీ కోచింగ్ వాళ్ళు చెప్తారు. నేను ఫార్మకాలజీ గురించి చెప్తాను, అందులోనూ ఒక్క షుగర్ మందుల గురించే, ఎందుకంటే నాలుగేళ్ళుగా ఇక్కడ మెడికల్ వార్డులో చేస్తున్నా, ఏ షిఫ్ట్ చూసినా నాకిచ్చిన బెడ్లలో ఇద్దరు ముగ్గురు షుగర్ పేషెంట్లు ఉంటారు. జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమాలో మనం బట్టీ కొట్టాం కదా, సల్ఫోనైల్‌యూరియా మందులకి సైడ్ ఎఫెక్ట్ హైపోగ్లైసీమియా అని, అంటే షుగర్ మరీ పడిపోవడం, హైపో అంటాం, ఆ ఒక్క లైను ఒక మనిషి ఒంట్లో ఎలా ఉంటదో నేను ఇక్కడికొచ్చాకే చూశాను.

వచ్చిన కొత్తలో సంగతి. కిటికీ పక్క బెడ్‌లో ఒక పెద్దాయన, ఎనభై దాటాయి, కిడ్నీలు కొంచెం వీక్, గుండెకి బిసోప్రొలాల్, షుగర్‌కి గ్లిక్లజైడ్ (ఇది ఆ సల్ఫోనైల్‌యూరియా రకమే) 80 మిల్లీగ్రాములు పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి. ఎనిమిదింటికి డ్రగ్ రౌండ్‌లో బిళ్ళ నేనే ఇచ్చాను, పక్కనే ఓట్స్ జావ గిన్నె ఉంది, తింటాలే అన్నాడు, నేను సరే అని ట్రాలీ తోసుకుంటూ పక్క బెడ్‌కి పోయాను. ఆయన తినలేదు. ట్రే తీసుకెళ్ళే ఆవిడ మూత కూడా తీయకుండా తీసుకెళ్ళిపోయింది, ఆ తర్వాత ఆయన్ని స్కాన్‌కి తీసుకెళ్ళారు. పదకొండున్నరకి తిరిగొచ్చాక బీపీ చూద్దామని చెయ్యి పట్టుకుంటే చల్లగా తడితడిగా ఉంది, పైజామా కాలర్ మొత్తం తడిసిపోయింది, బస్సు వచ్చిందా బస్సు వచ్చిందా అంటున్నాడు. చేతులు మాత్రం వణకట్లేదు. అది బిసోప్రొలాల్ వల్ల, బీటా బ్లాకర్లు అనే ఇలాంటి గుండె మందులు వాడేవాళ్ళకి హైపోలో గుండెదడ, వణుకు సరిగ్గా తెలియవు, చెమట మాత్రం పడుతుంది, అందుకే ముందు చెమట చూడండి.

మెషీన్‌లో 2.9 అని వచ్చింది. మనకేమో ఎనభై, నూట ఇరవై అనే లెక్క అలవాటు, ఇక్కడ మిల్లీమోల్స్‌లో చూస్తారు, 18తో గుణిస్తే మన లెక్క వస్తది, అంటే 52. ఆ గుణకారం చేసుకోడానికి నాకు కొన్ని క్షణాలు పట్టింది, ఆ క్షణాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఇక్కడ 4 కంటే తగ్గితే హైపో కిందే లెక్క, అంటే మన 72. మనిషి మెలకువగా ఉండి మింగగలిగితే త్వరగా ఎక్కే గ్లూకోజ్ 15 నుంచి 20 గ్రాములు తాగించి, 10-15 నిమిషాలకి మళ్ళీ చూడాలి. మింగలేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, డాక్టర్‌ని పిలిచి ఐవీలో 10 శాతం గ్లూకోజ్ 150 నుంచి 200 ఎం.ఎల్. ఎక్కిస్తాం. షుగర్ పెంచే గ్లూకగాన్ ఇంజెక్షన్ ఉంది గానీ ఏమీ తినకుండా ఉన్నవాళ్ళకి, గ్లిక్లజైడ్ లాంటివి వాడేవాళ్ళకి అది అంత బాగా పని చెయ్యకపోవచ్చు. ఈయన తాగగలిగాడు, తల ఎత్తి పట్టుకుని తాగించాను, 3.6, మళ్ళీ తాగించాను, 5.1. అప్పుడు రెండు టోస్టులు. కిడ్నీ సరిగ్గా లేని ముసలివాళ్ళలో ఈ మందు ఒంట్లోంచి తొందరగా పోదు, ఒకసారి పెరిగింది కదా అని వదిలేస్తే మళ్ళీ పడిపోతుంది, అందుకని ఆ రోజంతా చూస్తూనే ఉన్నాం.

ఇన్సిడెంట్ రిపోర్ట్ నేనే రాశాను. వార్డ్ సిస్టర్ అరవలేదు, కూర్చోబెట్టి ఏం జరిగిందో వరసగా చెప్పించుకుంది. నేను ట్రైనింగ్ అయిన చోట అయితే అందరి ముందు తిట్లు పడేవి, ఆ భయానికే మనవాళ్ళు చిన్న తప్పులు దాచేస్తారు, అది పేషెంట్‌కి చాలా ప్రమాదం, దయచేసి దాచకండి.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి షుగర్ ఇలా పడిపోవడం అరుదు, దానికి కడుపులో తిప్పడం, విరేచనాలు, అందుకే తిన్నాక ఇస్తాం. వాంతులతో ఒంట్లో నీరు లాగేసినప్పుడు మాత్రం ఇచ్చేముందు డాక్టర్‌ని అడగండి.

ఇన్సులిన్ దగ్గర ఇంకో ముఖ్యమైన విషయం. మన దగ్గర వయల్స్‌లో ఎం.ఎల్.కి 40 యూనిట్ల రకం ఇంకా బాగా వాడతారు, ఎర్ర మూత సిరంజీ దానిది, ఇక్కడ మామూలుగా ఎం.ఎల్.కి 100 యూనిట్లు. పిల్లల్ని చూడ్డానికి వచ్చిన మన అమ్మానాన్నలు ఇంటి నుంచి 40 వయల్ తెచ్చుకుని సిరంజీలు అయిపోయాక ఇక్కడి 100 సిరంజీతో 20 గీత దాకా లాగితే వెళ్ళేది 8 యూనిట్లే, షుగర్ ఎందుకు దిగట్లేదో ఎవరికీ అర్థం కాదు. అటూ ఇటూ అయితే, అంటే 100 ఇన్సులిన్ ఎర్ర మూత సిరంజీలో లాగితే, రెండున్నర రెట్లు వెళ్తుంది, ప్రాణం మీదకి వస్తుంది.

ఆ పెద్దాయన సంగతి అయిన కొన్నాళ్ళకి కార్తీకమాసం వచ్చింది. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ నీరసంగా మాట్లాడుతోంది, సోమవారం కదా చుక్కలు కనపడేదాకా ఏమీ తినను అంది. మా అమ్మకి గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన బిళ్ళ, గ్లిమెపిరైడ్ కూడా గ్లిక్లజైడ్ జాతే. పొద్దున బిళ్ళ వేసుకున్నావా అమ్మా అంటే, "ఉపవాసమున్నా బిళ్ళ మాత్రం మానలేదమ్మా, డాక్టరు గారు మానొద్దన్నారు కదా" అంది. చెమటలు పడుతున్నాయా అంటే పొద్దుటి నుంచీ పడుతున్నాయంది, ఉక్కపోతేమో అనుకుందట, కార్తీకంలో ఉక్కపోతేంటి! పక్కింటి పిన్నిని లైన్‌లోకి పిలిచి పంచదార నీళ్ళు కలిపి తాగించి, పావుగంట ఆగి అన్నం పెట్టించేదాకా ఫోన్ పెట్టలేదు.

తర్వాత తణుకులో డాక్టరు గారితో మాట్లాడితే, ఉపవాసముంటుందని నాకు ఎవరూ చెప్పలేదమ్మా అన్నారు, మందు మార్చారు. పోయిన కార్తీకంలో సోమవారం పొద్దున్నే వీడియో కాల్ చేస్తే అమ్మ ఉప్మా తింటూ కనపడింది, గుడికి తినేసే వెళ్తున్నానే, శివుడికి నా సంగతి తెలుసులే అంది.