స్టాండెన్‌లో అత్తయ్యగారితో

పొద్దున్నుంచి సన్నగా వాన. అత్తయ్యగారు ఇండియా నుంచి వచ్చి నెల కావస్తోంది, ఇంట్లో కూర్చుని విసుగెత్తిపోయారు. భోజనాలవగానే ఇంగ్లండ్‌లో ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ దగ్గరున్న స్టాండెన్ అనే పాత ఇల్లు చూపించడానికి తీసుకెళ్లాను. నాకిది నాలుగోసారి. ఆ ఇల్లంటే అంత ఇష్టం.

లండన్‌లో లాయరుగా బాగా సంపాదించిన జేమ్స్ బీల్, భార్య మార్గరెట్, ఏడుగురు పిల్లలతో సెలవులు గడపడానికి కట్టించుకున్న ఇల్లది. 1891లో మొదలుపెట్టి 1894కి పూర్తిచేశారు. ఆర్కిటెక్ట్ ఫిలిప్ వెబ్. తర్వాత గోడకాగితాలకి పేరుపడ్డ డిజైనర్ విలియమ్ మారిస్‌కి 1859లో రెడ్ హౌస్ అనే ఇల్లు డిజైన్ చేసిందీ ఆయనే.

అత్తయ్యగారు లోపలికి పదమన్నా, నేను ముందు బయటే ఆపేశాను. ఆ గోడలు చూడకపోతే ఇల్లు చూడనట్టే. ఒకచోట ఆ స్థలంలోనే తవ్వి తీసిన ఇసుకరాయి, పక్కన ఇటుక, పైన గోడకి వరసగా బిగించిన పెంకులు, ఇంకోచోట చెక్క పలకలు. అన్నీ ఆ చుట్టుపక్కల పల్లెటూరి ఇళ్లకి వాడేవే. "ఇది ఒక ఇల్లా, నాలుగిళ్లా?" అన్నారావిడ. వెబ్ కోరుకున్నదీ అదేననుకుంటాను. అంత పెద్ద ఇల్లూ డబ్బున్నవాడి కోటలా మీద పడదు, కొంచెం కొంచెంగా పెరిగిన ఊరులా ఉంటుంది.

లోపల మొదటి నుంచీ కరెంటు దీపాలే. గోడదీపాల వెనక రాగి రేకులు కూడా వెబ్ గీసినవే. ఒక నడవలో గోడలకి మారిస్ 'ట్రెలిస్' డిజైను గోడకాగితం. గులాబీ తీగలు మారిస్‌వి, పిట్టలు మాత్రం వెబ్ వేశాడు. మార్గరెట్, కూతుళ్లు కుట్టిన ఎంబ్రాయిడరీ దగ్గరికొచ్చేసరికి అత్తయ్యగారు కదల్లేదు. పట్టుదారం ఎటు నుంచి ఎటు వెళ్లిందో గాల్లో వేలితో గీసుకుంటూ నిలబడ్డారు. నేనూ తొందరపెట్టలేదు.

తిరిగొచ్చేటప్పుడు పక్కనున్న పాత రైతు ఇంటి దగ్గర ఆగాం. అది వీళ్ల ఇంటికంటే వందల ఏళ్ల ముందుది. "కొత్తిల్లు కడుతూ దీన్నెందుకు ఉంచారమ్మా?" అని అడిగారు. పాత కట్టడాల్ని కాపాడాలని 1877లో మారిస్‌తో కలిసి సంఘం పెట్టిన మనిషి వెబ్. కూల్చడం ఆయనకి చేతకాదు. కొత్త ఇంటినే దీని పక్కన ఒదిగేలా కట్టాడు. అదే చెప్పాను.

ఆవిడ ఆ గోడ మీద చెయ్యి వేసి చాలాసేపు మాట్లాడలేదు. మూడేళ్ల క్రితం ఊళ్లో పెంకుటిల్లు కూల్చి స్లాబు వేయించాం. అప్పుడు ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, మేమూ అడగలేదు. కారెక్కాక మాత్రం, "వీధి తలుపు ఎవరికిచ్చారు?" అన్నారు.

నాకు తెలియదు. రాత్రికి మా ఆయన్ని అడగాలి.