పాత వెస్ట్‌ఫాలియా వ్యాన్‌లో స్పీకర్లకు చోటు వెతకడం

నలభై ఏళ్ళు దాటిన బండిలో స్పీకర్లు ఎక్కడ పెట్టాలన్నది వాటి ధరను బట్టో, వాట్ల సంఖ్యను బట్టో తేలే విషయం కాదు. ఆ బండిలో మనుషులు ఏ వేళ ఎక్కడ కూర్చుంటారు, ఎక్కడ పడుకుంటారు, ఏ భాగాన్ని కోస్తే అలాంటిది మళ్ళీ దొరకదు అన్న ప్రశ్నలకు ముందు జవాబు దొరకాలి. అప్పుడు స్పీకరు పెట్టే చోటు చాలావరకు దానంతట అదే తేలుతుంది. కాలిఫోర్నియాలో మేము వాడుకుంటున్న 1984 నాటి ఫోక్స్‌వాగన్ వానగన్ వెస్ట్‌ఫాలియా విషయంలో నేను ఈ వరుసలోనే ఆలోచించాను. ఇలాంటి పాత బండి చేతికి వచ్చి, డ్రిల్లు పట్టుకోబోయే ముందు ఒక్క క్షణం ఆగిన తెలుగువారికి ఉపయోగపడుతుందని ఆ ఆలోచనను వివరంగా రాస్తున్నాను.

వానగన్‌ను ఐరోపాలో టీ3 అంటారు. అమెరికాలో ఇది 1980 మోడల్ మొదలుకొని 1991 వరకు అమ్ముడయింది. జర్మనీకి చెందిన వెస్ట్‌ఫాలియా సంస్థ దీని లోపల ఒక చిన్న సంసారానికి కావలసినవన్నీ అమర్చింది. డ్రైవరు సీటు వెనుక ఎడమ గోడ పొడవునా స్టవ్, సింక్, ఫ్రిజ్, ఆ తర్వాత బట్టల అల్మరా వరుసగా ఉంటాయి. కుడివైపున పక్కకు జరిగే పెద్ద తలుపు ఉంటుంది. వెనుక సీటును వాల్చితే మంచమవుతుంది, దాని తలాపున కప్పును ఆనుకొని మరొక చిన్న అల్మరా ఉంటుంది. కప్పు పైకి లేపితే గుడ్డ గోడల మధ్య పైమంచం ఏర్పడుతుంది. ఇంజను వెనుక భాగంలో, పరుపు కింది మూతకు దిగువన ఉంటుంది. ఇంత పొందికగా కట్టిన బండిలో స్పీకరు బిగించుకోవడానికి ఖాళీ గోడ అంటూ మిగలలేదు: ఒక గోడను వంటిల్లు తీసుకుంది, మరొక గోడ తలుపయింది.

క్యాంపర్ వ్యాన్‌లో పాటలు వినే సందర్భాలు రెండు ఉంటాయనీ, ఆ రెండింటి అవసరాలు ఒకదానికొకటి పొసగవనీ ముందుగా గుర్తించాలి. బండి నడుస్తున్నప్పుడు వినేవాళ్ళు ముందు సీట్లలో ఉంటారు. ఈ బండి ముక్కు దాదాపు నిలువుగా ఉంటుంది కాబట్టి హైవే మీద గాలి హోరు ఎక్కువ. దానికి చక్రాల మోత, వెనుక నుంచి ఇంజను మోత తోడవుతాయి. ఈ మోతల శక్తి ఎక్కువ భాగం తక్కువ పౌనఃపున్యాలలోనే ఉంటుంది గనుక అది సంగీతంలోని బేస్‌ను, అంటే మంద్ర ధ్వనులను, కప్పేస్తుంది, గాత్రం మాత్రం పైకి తేలుతుంది. బండి ఆగాక పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. ప్రయాణికుడి సీటును వెనక్కి తిప్పుకొని ఒకరు కూర్చుంటే, మంచం మీద మరొకరు ఆనుకొని కూర్చుంటారు. చుట్టూ చెట్లు, నిశ్శబ్దం తప్ప ఏమీ ఉండవు. అప్పుడు చిన్న స్పీకరులోని లోపం కూడా స్పష్టంగా తెలుస్తుంది. నా మట్టుకు ఈ రెండో వినికిడే ముఖ్యమనిపించింది, ఎందుకంటే ఇలాంటి బండి కొనుక్కొనేది ఆగి ఉండడం కోసమే.

మా బండిలో డాష్‌బోర్డులో చిన్న స్పీకర్లు ఉండేవి. మా ఆవిడ చిన్నప్పుడు వీణ నేర్చుకున్న మనిషి. మొదటి ప్రయాణంలోనే, "ఏమండీ, గాత్రం బాగానే వినబడుతోంది గానీ మృదంగం ఎడమ చెయ్యి అసలు వినబడడం లేదు" అంది. అక్కడి నుంచి నాకు అదే కొలబద్ద అయింది. మృదంగం కుడి మూత టంకారం చిన్న స్పీకరులోనైనా పలుకుతుంది. ఎడమ మూత గుమికి, అంటే దాని మంద్రమైన నాదం, పలకాలంటే స్పీకరు పరిమాణం ఒక్కటే సరిపోదు, దాని వెనుక ఏముందన్నది కూడా చూడాలి. స్పీకరు కోను, అంటే అదురుతూ ధ్వని పుట్టించే గరాటు లాంటి పొర, ముందుకు కదిలినప్పుడు ముందు వైపు గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనుక వైపు గాలి పలచబడుతుంది. ఈ రెండు అలలు ఒకదానినొకటి చేరే దారి ఉంటే బేస్ రద్దయిపోతుంది. 100 హెర్ట్జ్ ధ్వని అల పొడవు దాదాపు మూడున్నర మీటర్లు. అంత పొడవైన అలకు స్పీకరు అంచు చుట్టూ తిరిగి రావడం ఒక లెక్కలోది కాదు. కాబట్టి వెనుక మూసిన పెట్టె గానీ, సందులు లేని గట్టి పలక గానీ లేకుండా డాష్‌బోర్డు కింద తెరిచిన చోట వేలాడే స్పీకరు ఎంత ఖరీదైనదైనా మృదంగాన్ని సగమే వినిపిస్తుంది.

ముందు తలుపులు ఈ పనికి అనువైనవి. తలుపు లోపలి బోలుతనమే ఒక పెట్టెలాగా పనిచేస్తుంది, సందులు మూసి రేకుకు అదురు తగ్గించే జిగురు పలకలు అంటిస్తే ఇంకా బాగా పనిచేస్తుంది. అయితే ఇక్కడ కొలవవలసింది స్పీకరు వెడల్పును కాదు, లోతును. అద్దాన్ని పూర్తిగా దించి, దానికీ లోపలి రేకుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో చూసి, అద్దం దించే మర చేతులు ఎంత దూరం తిరుగుతాయో కూడా చూసుకున్నాకే స్పీకరు వెనుక ఉండే అయస్కాంతం లోతు నిర్ణయించుకోవాలి. వానగన్ తలుపులో కింది ముందు మూల, అంటే కాలి మడమకు ఎదురుగా వచ్చే చోటు, ఈ రెండింటికీ అడ్డు రాకుండా ఉంటుంది. వర్షం సంగతి కూడా మరచిపోకూడదు. అద్దం పక్క రబ్బరు గుండా నీళ్ళు తలుపు లోపలికి దిగి అడుగు రంధ్రాల నుంచి బయటకు పోవడం ఏ కారులోనైనా మామూలే. అందువల్ల కాగితపు కోను బదులు పాలీప్రొపిలీన్ కోను ఉన్న స్పీకర్లు తీసుకొని, అయస్కాంతం పైన చూరులాగా ఒక ప్లాస్టిక్ తొడుగు అమర్చాను. తలుపు లోపల కంపెనీ అంటించిన ప్లాస్టిక్ షీటును కూడా తిరిగి జాగ్రత్తగా అంటించాను.

తలుపు ప్యానెల్‌ను కోయడం దగ్గర నేను ఎక్కువ కాలం ఆలోచించాను. అవి నొక్కిన కలప పీచు పలకలు, పైన వినైల్ తొడుగు ఉంటుంది. ఇన్ని దశాబ్దాలు చెమ్మకు ఉబ్బకుండా, అంచులు విరగకుండా నిలిచిన జత ఇప్పుడు దొరకడం కష్టం. ఆ పలకలను కొలతగా పెట్టుకొని పలుచని ప్లైవుడ్‌తో కొత్త జత కోసి, దగ్గరి రంగు వినైల్ చుట్టి, స్పీకరు రంధ్రాలు వాటికే పెట్టాను. అసలు జత ఇంట్లో చదునుగా పడుకోబెట్టి, గుడ్డ చుట్టి దాచాను. తర్వాత ఈ బండి ఎవరి చేతికి వెళ్ళినా వాళ్ళు దాన్ని 1984 నాటి రూపానికి తెచ్చుకోగలగాలి. ఇలాంటి బండిని వాడుకొనేవారికి ఈ బాధ్యత తప్పదని నేను గట్టిగా నమ్ముతాను.

తలుపు కింది మూలలో స్పీకరుకు ఒక ఇబ్బంది ఉంది. హెచ్చు స్వరాల అలలు పొట్టివి, సూటిగా సాగుతాయి, మోకాళ్ళ దగ్గరే ఆగిపోతాయి. అందుకని హెచ్చు స్వరాలను పలికే రెండు చిన్న స్పీకర్లను, అంటే ట్వీటర్లను, డాష్‌బోర్డు రెండు చివర్లలో, ముందు అద్దానికి దగ్గరగా, రంధ్రం అవసరం లేని పట్టీతో అంటించాను. అద్దం మీద పడి తిరిగివచ్చే ధ్వని కొంచెం కరకుగా ఉంటుంది కాబట్టి వాటిని అద్దం వైపు కాకుండా అవతలి సీటులోని వారి భుజం వైపు తిప్పడం మంచిది. ఇక ఎడమ స్పీకరు డ్రైవరుకు సుమారు 90 సెంటీమీటర్ల దూరంలో, కుడిది సుమారు 150 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. ధ్వని ఒక మిల్లీసెకనుకు దాదాపు 34 సెంటీమీటర్లు వెళుతుంది కాబట్టి కుడి స్పీకరు ధ్వని దాదాపు రెండు మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ముందు చేరిన ధ్వని వచ్చిన దిక్కునే చెవి మూలంగా ఎంచుకుంటుంది. ఈ తేడాను సరిదిద్దే సదుపాయం కొత్త స్టీరియోలలో ఉంది గానీ, అది ఒకరి చెవికి సరిచేస్తే పక్కవారికి మరింత చెడుతుంది. ఇద్దరమూ కలిసి వినే బండి కనుక నేను దాని జోలికి పోలేదు.

వెనుక భాగం గురించి నలుగురూ ముందుగా సూచించేది మంచం పక్కన ఉండే పక్క ప్యానెల్. వానగన్‌లో వెనుక మూలల లోపల ఇంజనుకు గాలి తీసుకొనే దారులు ఉంటాయి. వాటిలో దుమ్ము, వాన తుంపర తిరుగుతూనే ఉంటాయి. ఆ మూలలకు దగ్గరగా రంధ్రం చేసి స్పీకరు దిగవేయడం నాకు ఇష్టం లేకపోయింది. పైగా ఒకవైపు అల్మరా అడ్డుగా ఉండడంతో ఎడమ, కుడి ఒకే తీరున రావు. వెనుక సీటు కింద పెట్టెలో బేస్ స్పీకరు పెట్టవచ్చు కదా అని కూడా అడుగుతారు. అక్కడ వెనుక వైపు హీటరు ఉంటుంది, వేడి గాలికి దారి వదలాలి. ముందు సీట్ల కింద చూస్తే, ప్రయాణికుడి వైపు బండి బ్యాటరీ ఉంది, డ్రైవరు వైపు పెట్టెలో మేము బండి ఆగినప్పటి వాడకానికి రెండో బ్యాటరీ పెట్టుకున్నాము. వంటగది అరలను పోగొట్టుకొని బేస్ తెచ్చుకోవడం నాకు న్యాయంగా అనిపించలేదు. ఆ పెట్టె ఆలోచనను అక్కడితో వదిలేశాను.

చివరికి వెనుక అల్మరా కింది అంచున, రెండు మూలల్లో, మూసిన చిన్న పెట్టెల్లో ఉన్న స్పీకర్లు వేలాడదీశాను. అల్మరాను పట్టి ఉంచే పాత స్క్రూలనే కొంచెం పొడవైన వాటితో మార్చి, వాటికి ఇనుప పట్టీలు బిగించడం వల్ల కొత్త రంధ్రం ఒక్కటీ పడలేదు. మూల దగ్గర రెండు గోడలు, అల్మరా అడుగు కలిసే చోట పెట్టిన స్పీకరుకు ఆ తలాల ఆసరాతో బేస్ బలపడుతుంది. ఆ చిన్న పెట్టెల నుంచే మృదంగం ఎడమ చెయ్యి ఇప్పుడు చక్కగా పలుకుతోంది. వాటి ముఖం బండి ముందు వైపుకు ఉంటుంది గనుక వెనక్కి తిప్పిన సీటులో కూర్చున్నవారికి అవి ఎదురుగా వస్తాయి. మంచం మీద ఆనుకున్నవారికి తల వెనుక నుంచి మెల్లగా వినిపిస్తాయి. పరుపు, తెరలు, సీటు గుడ్డ హెచ్చు స్వరాలను కొంత పీల్చుకుంటాయి కాబట్టి ఇక్కడ ట్రెబుల్ ఒక మెట్టు పెంచవలసి వచ్చింది. స్టీరియోలో ఉన్న ఫేడరే రెండు సందర్భాలనూ వేరు చేస్తుంది. నడిచేటప్పుడు ధ్వనిని ముందు జతకు, ఆగాక వెనుక జతకు పంపుతాము.

వైర్ల దారిని స్పీకర్ల చోటుతో పాటే తేల్చుకోవాలి. జరిగే తలుపు గుమ్మంలో వైరు వేస్తే పాదాల కింద నలుగుతుంది. అందుకని రెండు స్పీకర్ల వైర్లూ ఎడమవైపు వంటగది వెనుక నుంచి తీసుకువెళ్ళి, కుడి స్పీకరు వైరును వెనుక అల్మరా లోపల అడ్డంగా దాటించాను. ఫ్రిజ్ వెనుక గ్యాస్ మంట, పొగగొట్టం ఉంటాయి, ఆ చోటుకు దూరంగా వైరును పైఅంచు వెంట క్లిప్పులతో కట్టాలి. ఆ గ్యాస్ ప్రొపేన్, అది గాలి కన్నా బరువైనది, లీకయితే నేలమీదే పేరుకుంటుంది. గ్యాస్ పసిగట్టే పరికరాన్ని నేలకు దగ్గరగా బిగించేది అందుకే. స్పీకరు పెట్టె గానీ, వదులు జాయింటు గానీ దాని దగ్గరకు రానివ్వకూడదు. స్టీరియోకు కరెంటు రెండో బ్యాటరీ నుంచి ఇచ్చి, బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ పెట్టాను. రాత్రంతా పాటలు మోగినా ఉదయం బండి స్టార్టు కావడానికి ఏ ఇబ్బందీ ఉండదు. ఏ జతలోనైనా ఒక స్పీకరుకు ప్లస్, మైనస్ తారుమారైతే ఆ రెండింటి బేస్ మళ్ళీ ఒకదానినొకటి తినేస్తుంది. ఒకటిన్నర వోల్టుల సెల్‌ను వైర్ల కొనలకు క్షణకాలం తాకించి, కోను బయటకు వస్తోందో లోపలికి పోతోందో చూసి అన్నింటికీ ఒకే గుర్తు పెట్టుకోవడం సులువైన పద్ధతి.

ఏ చోటైనా బిగించే ముందు, స్పీకర్లను పెట్టెలతో సహా గుడ్డ మీద ఆనించి, బెల్టుతో తాత్కాలికంగా కట్టి, తెలిసిన కచేరీ రికార్డింగులు వింటూ చూశాము. తంబూరా శ్రుతి గది నిండా సమంగా పరుచుకుందా, గాత్రం ఎవరో అల్మరాలో కూర్చొని పాడుతున్నట్టు కాకుండా ఎదురుగా నిలబడి పాడుతున్నట్టు వస్తోందా అన్నది ఆవిడ చెప్పేది, నేను పెట్టెను ఇటు అటు జరిపేవాణ్ణి. ఏ పలక అదురుతోందో కూడా అప్పుడే తెలిసింది. సింక్ మూత, పళ్ళేల అర, కిటికీ తెరల పట్టాలు ఒక్కో స్వరానికి ఒక్కోటి మోగుతాయి, వాటి కింద ఫెల్టు ముక్కలు అంటిస్తే సరిపోతుంది.

పైమంచం దగ్గర మాత్రం ఏ స్పీకరూ పెట్టలేదు. అక్కడ గోడ అంటే పలుచని గుడ్డ. ధ్వని, అందులోనూ బేస్, ఆ గుడ్డను లెక్కచేయకుండా పక్క గుడారం వరకు వెళుతుంది. కాలిఫోర్నియాలోని యోసెమిటీ జాతీయ ఉద్యానవనం క్యాంపుగ్రౌండ్లలో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిశ్శబ్దం పాటించాలన్న నియమం ఉంది. ఆ వేళల్లో పైన పడుకొనే పిల్లలు ఇయర్‌ఫోన్లతో వింటారు. కింద మేము వెనుక జతను మాట వినబడేంత స్థాయికి దించి, వెనుక తలుపు మూసుకొని వింటాము.